ఒక్క పోగుకి పసుపు

పొద్దున్నే చద్దన్నం ముందు కూర్చున్నాను. వీధిలోంచి ఎవరో "మేస్త్రీ గారిల్లు ఇదేనాండీ?" అన్నారు. నన్ను మేస్త్రీ అని పిలిచేవాళ్ళు ఈ మధ్య ఎవరూ మిగల్లేదు. అందుకని కాస్త సంబరంగానే "ఇదేనోయ్, రా" అన్నాను. వచ్చినవాడు పెద్దాపురం దాపున ఉన్న మగ్గాల పల్లె కుర్రాడు. గోడ పక్కన నిలబడి తల దించుకున్నాడు. అప్పుడే నాకు సగం అర్థమైపోయింది.

"పెద్దమ్మ పోయిందండి, నిన్న దీపాలవేళకి. తను పోతే మీకు కబురు చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచిందండి. అందుకని మొదటి రైలుకి వచ్చాను. మీరు రాలేరేమోలెండి, మోకాళ్ళ నొప్పులంట కదా."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకురా? గుడ్డ తెచ్చారా?"

"ఆయ్, తెచ్చారండి. తెల్లగుడ్డ."

"పసుపు పెడుతున్నారా?"

వాడు నీళ్ళు నమిలాడు. "లేదండి. ఒట్టి గుడ్డే కప్పాలని పెద్దలు అనుకున్నారండి. పెదనాన్న ఆ రంగం దేశంలోనే ఎప్పుడో పోయి ఉంటాడని…"

కంచం పక్కకి నెట్టి లేచాను. కోడల్ని కేకేసి, భోషాణం అడుగున ఉన్న తెల్లబట్ట తాను తీయమన్నాను. "అన్నం తిని వెళ్ళండి మావయ్య గారూ" అంటోంది ఆ పిల్ల. అన్నానికేం తొందర? ఆవిడకి మాటిచ్చాను. ఆ మాట చెల్లించుకోవడానికి నాకు సాయంత్రం దాకానే గడువుంది.

ఈ కాలం పిల్లలకి ఇది కూడా విడమరిచి చెప్పాలి కాబోలు. కొత్తబట్ట ఏదైనా సరే, మూలల్లో ఇంత పసుపు పెట్టి గానీ మనం ఒంటి మీద వేసుకోం. పసుపు పెట్టని కొత్తబట్ట ఒట్టి గుడ్డ. అది శవానికి. శవాల్లో కూడా ముత్తయిదువ పోతే పసుపు పెట్టే కప్పుతారు. ఒట్టి గుడ్డ కప్పారంటే ఆవిడ విధవ అని ఊరంతటి ముందూ చాటినట్టు. బతికినన్నాళ్ళూ ఆవిడ ఒప్పుకోని మాట అది. పోయాక నోరు లేదు కదా అని అనిపించేస్తే ఊరుకుంటానా?

సామర్లకోట రైలెక్కి కూర్చున్నాను, ఒళ్ళో తాను పెట్టుకుని. ఆ తాను మడత కూడా ఆవిడ పెట్టిందే. భోషాణంలో ఇన్నేళ్ళు పడి ఉన్నా మడత చెదరలేదు.

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరు ఒడ్డున, మా షావుకారు గారి గిడ్డంగి ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో నేసిన తెల్లబట్ట అంతా అక్కడికి వచ్చేది. మేం దాన్ని మడతపెట్టి, వేపాకు వేసి, ఇనుప మరలో నొక్కి, గోనె చుట్టి, దబ్బనంతో కుట్టి, నల్ల రంగుతో మార్కా వేసి బేళ్ళు చేసేవాళ్ళం. ఆ బేళ్ళు పడవల్లో ఏరు దాటి సముద్రంలోకి వెళ్ళేవి. మన తీరంలో లోతు లేదు కదా, పొగ ఓడ ఒడ్డుకి రాలేదు, ఎక్కడో దూరాన లంగరేసుకుని ఉండేది. అక్కడ ఓడకెత్తితే ఇక రంగూను. రంగూను అని పలికేది దొరలూ ప్లీడర్లూ. మా అందరికీ అది రంగం. బేళ్ళ కొట్టుకి నేను మేస్త్రీని. ఆవిడ మడతలు పెట్టేది.

చాప మీద ఒక కాలు చాపుకుని కూర్చునేది. తాను ఆ కాలి మీదుగా పరుచుకుని, అరచేత్తో ఒక్క చరుపు చరిచి మడత వేసేది. టప్, టప్ మని ఆ చప్పుడు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా. గిడ్డంగిలో ఏ మూల ఉన్నా, ఆ చప్పుడు ఆగిందంటే తలెత్తి చూసేవాణ్ణి. ఆగిందంటే ఎవరితోనో తగాదా అన్నమాట.

తగాదా ఎందుకంటారా? గుడ్డకి కాలు తగిలిందని. కూలీ అయినా సరే, షావుకారు గారి బావమరిది అయినా సరే, తాను మీంచి అడుగు వేస్తే ఆవిడ ఊరుకునేది కాదు. "ఒంటి మీద వేసుకునేదండీ, కళ్ళకద్దుకోండి" అనేది. ఆ బావమరిది గారు మీసం మెలేసుకుని చూశాడొకసారి. ఆవిడ లేవలేదు, గొంతూ పెంచలేదు. "కళ్ళకద్దుకోండి" అని మళ్ళీ అంది. చివరికి ఆయన వంగి అద్దుకున్నాడు. ఆయన గుమ్మం దాటేదాకా మేమంతా నవ్వు ఎలా ఆపుకున్నామో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకొకటి, ఆ "ఆయ్". మా గోదావరి వాళ్ళం ఎవరం అనమూ? కానీ ఆవిడ 'ఆయ్' అంటే ఒప్పుకున్నట్టు కాదు. విన్నాను అని, అంతే. "ఈ తానులు ముందు కట్టాలి అక్కా" అంటే "ఆయ్" అనేది, తను అనుకున్నవే ముందు కట్టేది. పదిమందిలో నన్ను "మేస్త్రీ గారండీ" అని పిలిచేది. ఎవరూ లేనప్పుడు "తమ్ముడూ".

పడవ కదిలేటప్పుడు మాత్రం ఎంత పనున్నా లేచి ఒడ్డుకి వచ్చి నిలబడేది. బేళ్ళ వైపు చూసి, పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నట్టు, "వెళ్ళి రండి" అనేది.

"రండి అంటావేంటక్కా, ఆ బేళ్ళు తిరిగొస్తే షావుకారు మన తాట ఒలిచేస్తాడు" అనేవాణ్ణి.

"మరి వెళ్ళండి అని ఎలా అంటారు తమ్ముడూ? అలా అనకూడదు" అనేది.

కొంగు చివర ఎప్పుడూ ఒక ముడి. అందులో పసుపు. పక్కన చిన్న ముంతలో నీళ్ళు. తాను మడత పూర్తయ్యాక వేలు తడుపుకుని, పసుపులో అద్ది, మూలన ఒక బొట్టు పెట్టేది. ఆ వేళ్ళ పచ్చదనం ఎంత తోమినా పోయేది కాదు. కూలీలు "పసుపుకొమ్ము" అని వెక్కిరించేవారు. రంగం పంపే బట్టకి పసుపెందుకు, కొనుక్కున్నవాడు పెట్టుకుంటాడు కదా అని నేనూ మొదట్లో అనుకున్నాను. ఏదో ఆడవాళ్ళ ఆచారంలే అని వదిలేశాను.

అసలు సంగతి ఒక వానాకాలం మధ్యాహ్నం తెలిసింది. గాలివాన పట్టి, పడవలు ఏరు మొగ దాటలేక కట్టుకొయ్యలకి పడి ఉన్నాయి. పని లేదు. కూలీలు కునుకు తీస్తున్నారు. ఊసుపోక అడిగాను, "అది కాదక్కా, ఒక్క తానైనా వదలవేంటి?" అని.

వేళ్ళు చూసుకుంది. తరవాత చెప్పింది.

"సీమగుడ్డ చవగ్గా వచ్చిపడ్డాక మా మగ్గం మూలపడింది తమ్ముడూ. రంగం పోతే బియ్యం మిల్లుల్లో పని దొరుకుతుందన్నారు. ఆయన్ని ఓడ ఎక్కించడానికి నేనూ ఈ ఒడ్డుకే వచ్చాను. కట్టుకున్న పంచె చూస్తే చిరుగులు. పరాయి దేశం పోతా చిరుగుల పంచేంటని, ఇక్కడ కొట్లో కొత్తది కొన్నాను. పసుపు పెడదామంటే నా దగ్గర లేదు. కొట్టతన్ని చిటికెడు అడిగి తెస్తానుండు, కట్టేసుకోకు అన్నాను. కూలీల్ని తోలుకుపోయే మేస్త్రీ తొందరపెట్టేశాడంట. నేను వచ్చేసరికి ఆయన ఆ పంచె కట్టేసుకుని పడవలో ఉన్నాడు. పడవ కదిలిపోయింది."

ఆ చిటికెడు పసుపు పట్టుకుని ఎలా నిలబడిందో, అలాగే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి చూపించింది.

"ఒట్టి గుడ్డతో ఎళ్ళిపోయాడు తమ్ముడూ. శవానికి కట్టినట్టు కట్టి పంపించాను నా మొగుణ్ణి. ఆ ఏడాది కబురు రాలేదు. మరుసటేడూ రాలేదు. ఇక ఊరెళ్ళలేదు నేను. ఈ బేళ్ళన్నీ పోయేది ఆ ఊరికే కదా. ఏ గుడ్డ ఎవరి ఒంటి మీదికి పోతుందో ఎవరికి తెలుసు? ఒక్కటైనా ఆయన దాకా పోదా?"

మగవాడు తన తొందర కొద్దీ పడవెక్కిపోతే, ఆ పాపమంతా తన చేతివేళ్ళకి చుట్టుకుని కూర్చుందే ఈ మనిషి అనుకున్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఆ 'వెళ్ళి రండి' కాస్తా నిజమైంది. బేళ్ళు తిరిగొచ్చాయి.

షావుకారు గారు మంచివారే గానీ కోపం ముక్కు మీద ఉండేది. ఒక తాను విదిల్చి నా మొహం ముందు పట్టుకున్నారు. "ఏంటయ్యా మేస్త్రీ ఇది? తెల్లబట్ట కొంటే మూలకో పచ్చమరక ఉందని అక్కడి దొర బేళ్ళకి బేళ్ళు తిప్పికొట్టాడు! ఇన్నాళ్ళూ పాత వర్తకుడు సర్దుకుపోయాడు, ఈ కొత్తవాడు ఒప్పుకోడు. ఎవరిదీ నిర్వాకం?"

ఎవరిదో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. టప్ టప్ చప్పుడు ఆగింది. ఆవిడ లేచి వచ్చింది.

"నేనేనండి."

"అది మరక అమ్మా వాళ్ళకి! మురికి! తెలుసా?"

ఆవిడకి నిజంగా అర్థం కాలేదు. పసుపుని మురికి అనే మనుషులుంటారని ఊహించలేదు పాపం. నోటి మీద చెయ్యి వేసుకుని ఆ తాను మూల చూస్తూ ఉండిపోయింది.

"ఇక మానెయ్యాలి."

"ఆయ్" అంది.

కొంప మునిగిందిరా అనుకున్నాను. ఆ 'ఆయ్' సంగతి నాకు తెలుసు కదా. అనుకున్నట్టే మర్నాడు చూద్దును కదా, పక్కన ముంత, కొంగున ముడి, వేలికి పసుపు. షావుకారు గారి కంట పడింది. ఈసారి ఆయన అరవలేదు. నన్ను పక్కకి పిలిచి, "ఇంకొక్క తాను మీద కనిపించిందంటే ఆవిడ ఇక్కడ ఉండదు. నువ్వే చెప్పుకో" అన్నారు.

చెప్పాను. బతిమాలాను. కసిరాను కూడా. "పసుపు లేకుండా కొత్తబట్ట మడతపెట్టడం నా చేత కాదు మేస్త్రీ గారండీ. నన్ను పంపించెయ్యండి" అంది. ఆ ఒడ్డు వదిలితే ఆవిడ ఏమైపోతుందో నాకు తెలుసు. ఓడ కనపడని చోట ఆ మనిషి బతకలేదు.

అలా తల పట్టుకుని కూర్చుంటే, ఆవిడ ఒళ్ళో ఉన్న తాను కొస కంటపడింది. మగ్గం మీంచి కోసినప్పుడు చివర నేయకుండా వదిలేసిన పోగులు వేలాడుతుంటాయే, అవి.

"అక్కా, ఇదిగో, ఈ కొస పోగుల్లో లోపలి పోగు ఒక్కటి చూసి, దానికి పెట్టు. పక్క పోగులు దాని మీదుగా మెలేసెయ్. ఏ దొర తాతకీ కనపడదు."

"పోగుకి పెడితే గుడ్డకి పెట్టినట్టా?" అంది అనుమానంగా.

"ఓసి నీ తెలివి తెల్లారా! పోగులు కాక గుడ్డంటే ఇంకేంటక్కా? మగ్గాలింట పుట్టినదానివి, నేనా నీకు చెప్పాలి?"

ఆలోచించింది. పోగుని వేళ్ళ మధ్య నలిపింది. "ఆయ్" అంది. ఆ ఒక్క 'ఆయ్' మాత్రం ఒప్పుకున్నదే. ఆ తరవాత వెళ్ళిన ప్రతి తానులోనూ ఒక పోగు పచ్చగా ఉండేది. షావుకారు గారు మూలలన్నీ వెతికి చూసి సంతోషించారు. ఆ బేళ్ళకి గోనె నేనే దగ్గరుండి కుట్టించేవాణ్ణి.

అంతా సర్దుకుందనుకుంటుండగా ఆవిడ మరిది వచ్చాడు. చెడ్డవాడు కాదండీ, భయస్తుడు. గిడ్డంగి గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అన్నయ్యకి కర్మ చెయ్యలేదని ఇంట్లో ఒక్క శుభం జరగట్లేదు వదినా. మగ్గం మీద కూర్చుంటే పోగు తెగిపోతోంది. పిల్లకి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోతోంది. పెద్దలు కూడా అంటున్నారు, దర్భబొమ్మ చేసి దహనం చేసేద్దామని. నువ్వు రావాలి. అంటే… పసుపూ గాజులూ…"

"బొమ్మని తగలేసి, నా గాజులు పగలగొడతారా? రేపు మీ అన్నయ్య పడవ దిగి వస్తే ఏం చెప్తావయ్యా?" అంది.

"ఎన్నేళ్ళని చూస్తాం వదినా?" అని అతను ఏడ్చేశాడు. ఆవిడ ఏడవలేదు. పెద్దాపురం మరిదమ్మ అమ్మవారి జాతర దాకా ఆగమంది. ఆ లోపల కబురు రాకపోతే తనే వస్తానంది.

కబురు ఎక్కణ్ణుంచి తేవాలి? పొగ ఓడలో సరంగు, అదే కళాసీల పెద్ద, ఒకాయన ఉండేవాడు, ఉప్పాడ జాలరివాళ్ళ మనిషి. నాకు బాగా తెలుసు. ఈసారి రంగంలో దిగినప్పుడు మిల్లుల వెంట వాకబు చెయ్యమని బతిమాలుకున్నాను. మనిషి ఆనవాళ్ళన్నీ ఆవిడే చెప్పింది. నుదుటి మీది మచ్చ దగ్గర్నుంచి, నవ్వితే ఒక పక్క బుగ్గే లోపలికి పోతుందనేదాకా. ఆ ఓడ తిరిగొచ్చేదాకా ఆవిడ మడతలు పెట్టింది గానీ, ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. తాను తొక్కేసినా చూడలేదు.

సరంగు వచ్చాడు. బేళ్ళ చాటుకి పిలిచాడు ఇద్దర్నీ.

"ఉన్నాడమ్మా. కళ్ళారా చూశాను. మాట్లాడాను. మిల్లులోనే పని. ఒళ్ళు కూడా చేశాడు."

ఆవిడ బేలుకి ఆనుకుంది. "నా మాట అడిగాడా?"

సరంగు నా వంక చూశాడు. సముద్రాలు దాటిన మనిషి ఆ ఒక్క మాట దాటలేకపోయాడు. "అక్కడ ఇల్లు ఉందమ్మా ఆయనకి. ఆ దేశపు మనిషి. పిల్లలు."

ఆవిడ ఏమంటుందా అని చూశాను. ఆవిడ అడిగిందేంటో తెలుసా?

"ఏం కట్టుకున్నాడు?"

"ఆఁ?"

"ఒంటి మీద ఏం గుడ్డ కట్టుకున్నాడయ్యా?"

"వాళ్ళ దేశం పట్టు లుంగీ అమ్మా. పూలది."

మా తాను ఒక్కటి కూడా ఆయన దాకా పోలేదన్నమాట. ఆవిడ కొంగు ముడి పట్టుకుని అలా నేల చూస్తూ నిలబడింది. తరవాత మెల్లగా అంది, "అయితే ఒట్టి గుడ్డ ఏమీ చెయ్యలేదన్నమాట. తమ్ముడూ, నేను చంపలేదు. ఆయన్ని నేను చంపలేదు." అని కింద కూర్చుండిపోయి, అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళదీ కలిపి ఏడ్చింది. సరంగు బయటికెళ్ళిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను, కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

లేచాక మొహం కడుక్కుని సరంగుకి దణ్ణం పెట్టింది. "మా మరిదికి ఉన్నాడని చెప్పండి బాబూ. రెండో మాట వద్దు. అన్నయ్యంటే దేవుడు వాడికి." సరంగు అలాగే వెళ్ళి చెప్పాడు. కర్మ మాట ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడా, సరంగూ, నేనూ, ముగ్గురమే ఎరుగుదుం. ఇప్పుడు ఇలా రాసేస్తున్నావేంటయ్యా అంటారేమో. అందుకే కదా ఆవిడ పేరు గానీ పల్లె పేరు గానీ ఎక్కడా రాయనిది.

మర్నాడు ఆవిడ పనికి రాదనుకున్నాను. వచ్చింది. టప్, టప్. తొంగిచూశాను. కొస పోగుల్లో వేలు పెట్టి ఒక పోగు వెతుకుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరి కోసం అక్కా ఇంకా? ఆ మహానుభావుడు పూల లుంగీ కట్టుకుని ఊరేగుతుంటే?"

"ఎవరో ఒకరు కట్టుకుంటారు కదా తమ్ముడూ" అంది తలెత్తకుండా. "పాపం, ఒట్టి గుడ్డ కట్టుకోవడం ఎందుకు?"

వెళ్ళి నా దబ్బనం అందుకున్నాను.

కాలం మారిపోయింది. పొగ ఓడలు ఇక్కణ్ణుంచి బట్ట తీసుకెళ్ళడం తగ్గి, పై దేశాల మిల్లుబట్ట ఇక్కడ దించడం ఎక్కువైంది. గిడ్డంగి మూసేశారు. ఆవిడ తన పల్లెకి, మరిది ఇంటికి వెళ్ళిపోతూ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఒక తాను. తన కూలి డబ్బుతో కొనుక్కున్నది.

"ఇది నీ దగ్గర ఉంచు తమ్ముడూ. మా ఇంట్లో అయితే ఎవరో ఒకరు చింపేసుకుంటారు. నేను పోయినప్పుడు ఇది కప్పించు. ఒట్టి గుడ్డ మాత్రం కప్పనివ్వకు."

"పసుపు నువ్వే పెట్టి ఇవ్వచ్చు కదా?"

"తన గుడ్డకి తనే పెట్టుకుంటారేంటి ఎవరైనా? ఇంకొకరు పెట్టాలి" అంది. మాటివ్వమంది. ఇచ్చాను. "ఎళ్ళొస్తాను" అంది. మళ్ళీ రాలేదు.

రైలు దిగి ఎక్కిన ఎడ్లబండి పల్లెలో ఆగేసరికి ఎండ వాలింది. మోకాళ్ళు దిగనివ్వలేదు, ఆ కుర్రాడే దించాడు. ఆవిణ్ణి పంచలో చాప మీద పడుకోబెట్టారు. ఇంకా స్నానం చేయించలేదు. చిక్కి సగమైపోయింది. వేళ్ళు మాత్రం పచ్చగానే ఉన్నాయి. పక్కన పళ్ళెంలో తెల్లగుడ్డ, ఒట్టిది.

మరిది తల ముగ్గుబుట్ట అయిపోయింది. వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. నేను చేతిలో తాను చూపించి సంగతి చెప్పాను. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి మరిదే అన్నాడు.

"మీరు పెద్దవారు మేస్త్రీ గారూ. కానీ ఆ సరంగు జాలిపడి చెప్పాడేమోనండి. ఆయనా గాలివానలో ఓడతో పోయాడు, ఇప్పుడు ఎవర్ని అడుగుతాం? బతికుంటే మా అన్నయ్య ఒక్క కబురు పంపడాండీ? కట్టుకున్నదాన్ని అలా వదిలేసే మనిషి కాదండి మా అన్నయ్య."

దానికి జవాబు నా నాలిక చివర ఉంది. ఒక్క మాట చాలు. పూల లుంగీ, పిల్లలు, ఆ ఇల్లు. ఆ మాట అనేస్తే ఇక ఎవరూ నోరెత్తరు, ఆవిడ పసుపు నిలుస్తుంది. కానీ ఆవిడ వద్దన్న మాట అది. ఆ ముసలాడి మొహం చూశాను. వాడి దేవుణ్ణి వాడికి ఉంచమంది ఆవిడ. మింగేశాను.

"సరంగు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఉన్నాడన్నాడు. అది జాలి మాట కాదు. నా పిల్లల మీద ఒట్టు" అన్నాను.

"మరి ఇప్పుడూ ఉన్నాడంటారాండీ?"

"నాకేం తెలుసయ్యా? పోయాడని నీకు తెలుసా? తెలీదు కదా. తెలీనప్పుడు ఈవిడ పసుపు తీసెయ్యడానికి మనమెవరం? కాస్త పసుపు తెండి."

ఎవరూ కదల్లేదు. నా బుద్ధి మండిపోను, తాను తెచ్చాను గానీ పసుపు తేవాలని తోచలేదు. ఆ మొగుడు పడవెక్కిన నాటి లాగే అయింది నా పని. గుడ్డ ఉంది, చిటికెడు పసుపు లేదు. పొద్దు దిగిపోతోంది.

అప్పుడు తలుపు చాటు నుంచి మరిది భార్య వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. తోడికోడలి పక్కన కూర్చుని, ఆవిడ ఒంటి మీది పాతచీర కొంగు చివరి ముడి విప్పింది. అందులో పసుపు ఉంది. దోసిట్లోకి తీసుకుని నా ముందు పట్టుకుంది. "నా కూతురి పెళ్ళిబట్టలకి ఈవిడే పెట్టిందండి. పెట్టండి" అంది.

మరిది ఆవిడని ఆపలేదు. కాసేపటికి "ఆయ్" అన్నాడు.

తాను విప్పాను. వేలు తడుపుకుని పసుపులో అద్దాను. కొస పోగుల్లో వెతకలేదు. నాలుగు మూలలా పెట్టాను, పెద్దపెద్ద బొట్లు, వీధిలో నిలబడ్డవాళ్ళకి కూడా కనపడేటట్టు.